ల్యాబ్ తాళం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ, బీటెక్ చదువుతున్న అమ్మాయిలతో, వాళ్ళ తల్లిదండ్రులతో ఆ ఊరి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకావిడ ఒక ఆదివారం మాట్లాడిన మాటలివి. రికార్డు విని రాసినవి.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న చెల్లెళ్ళూ, ముందుకు రండమ్మా, ముందు రెండు వరసలూ మీ కోసమే ఖాళీగా ఉంచారు. అమ్మలూ, నాన్నలూ, ఆదివారం పూట పనులు మానుకుని వచ్చారు, చాలా సంతోషం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో అమ్మాయిలు ఎందుకు తక్కువ, అందులోనూ మనలాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఎందుకు ఇంకా తక్కువ, దాని మీద మాట్లాడమన్నారు. రాత్రి పలాసలో రైలు దిగినప్పటి నుంచి ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. చివరికి ఒక తాళం దగ్గర మొదలుపెడదామనిపించింది.

నేను ఈ ఊరి పిల్లనే. పాతపట్నం వెళ్ళే రోడ్డు మీద మా ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పెద్ద చదువుకొచ్చేసరికి ఇంగ్లీషు, ఇక్కడ కూర్చున్న చాలామందిది ఇదే దారి కదా. 2004లో ఆంధ్రా వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సులో చేరాను. అప్పటికి కంప్యూటర్‌ని చూశాను తప్ప ముట్టుకోలేదు. మొదటి రోజు క్లాసుకి వచ్చిన సారు, "సీ లాంగ్వేజీ ముందే నేర్చుకున్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. అరవై మందిలో పాతిక చేతులు లేచాయి, వాటిలో అమ్మాయిలవి రెండు. "సరే, చాలామందికి వచ్చు కాబట్టి మొదటి రెండు చాప్టర్లు గబగబా దాటేద్దాం" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు. సిలబస్ పెద్దది, టైము తక్కువ. కానీ ఆ ఒక్క మాటతో మిగిలిన ముప్ఫై అయిదు మందిమి మొదటి గంటలోనే వెనకబడిపోయాం, పైగా అది మాకు తెలియలేదు, మా బుర్రకే ఎక్కడం లేదనుకున్నాం.

ఇక ల్యాబు. వారానికి రెండు సార్లు, ఇద్దరికి ఒక సిస్టమ్. ఇద్దరిలో పని వచ్చినవాళ్ళు కీబోర్డు దగ్గర కూర్చునేవాళ్ళు, రానివాళ్ళు పక్కన కుర్చీ వేసుకుని చూసి రాసుకునేవాళ్ళు. అంటే ఎవరికి చేతి అలవాటు కావాలో వాళ్ళ చేతికే కీబోర్డు వచ్చేది కాదు. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత వస్తుందా అమ్మా? సాయంత్రాలు ల్యాబు తొమ్మిదింటి దాకా తెరిచే ఉండేది, దాని తాళం ఫైనలియర్ అబ్బాయిల దగ్గర ఉండేది. ఆడపిల్లల హాస్టల్ గేటు మాత్రం ఆరింటికే వేసేసేవాళ్ళు. మీరే లెక్క వేసుకోండి, రోజుకి మూడు గంటలు, వారానికి ఆరు రోజులు, అలా నాలుగేళ్ళు. అన్ని గంటలు ఏ పని మీద కూర్చున్నా ఎవరికైనా వచ్చేస్తుంది, వంటైనా, వయొలినైనా, కోడింగైనా.

మూడో ఏడు ఒక రోజు స్టాఫ్ రూమ్ దగ్గర ఒక సారు మాతో చాలా ప్రేమగా అన్నారు, "మీ అమ్మాయిలు థియరీ బాగా రాస్తారమ్మా, కోడింగ్ మాత్రం అబ్బాయిలకి సహజంగా వస్తుంది" అని. నేను నమ్మాను. మా క్లాసులో అమ్మాయిలందరం నమ్మాం. నమ్మి కొంతమంది బ్యాంకు పరీక్షలకి వెళ్ళిపోయారు, కొంతమంది పెళ్ళిళ్ళు చేసుకుని అక్కడితో ఆగిపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి, లెక్కల్లో మా అందరికన్నా చురుకు. ఆ అమ్మాయి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందుకని ఈ రోజు నేను చెప్పేదంతా ఆ "సహజంగా" అనే ఒక్క మాట మీదే.

అది సహజమే అయితే మొదటి నుంచీ అలాగే ఉండాలి. మొదట్లో ఎలా ఉందో చూడండి. ఒకప్పుడు కంప్యూటర్ అంటే యంత్రం పేరు కాదు, ఆఫీసులో కూర్చుని లెక్కలు కట్టే మనిషి పేరు, ఆ మనుషుల్లో చాలామంది ఆడవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1945లో, అమెరికాలో ఎనియాక్ అని గది నిండా పట్టే యంత్రం ఒకటి కట్టారు. దానికి ప్రోగ్రాములు చేసింది ఆరుగురు ఆడవాళ్ళు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వాళ్ళకి చదువుకోవడానికి పుస్తకం లేదు, రాయడానికి ప్రోగ్రామింగ్ భాష అంటూ లేదు. యంత్రం సర్క్యూట్ బొమ్మలు ముందు పరుచుకుని, ఏ తీగ ఎక్కడ గుచ్చితే ఏం జరుగుతుందో వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టుకున్నారు. 1946 ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని లోకానికి చూపించిన రోజు అందరూ చప్పట్లు కొట్టిన లెక్క వాళ్ళు నడిపించిందే. ఆ రాత్రి పెద్దలందరికీ విందు జరిగింది, వీళ్ళని పిలవలేదు. అప్పట్లో యంత్రం కట్టడం గొప్ప పని, దానికి ప్రోగ్రాము చెయ్యడం గుమాస్తా పని అనుకునేవాళ్ళు, అందుకే ఆడవాళ్ళకి వదిలేశారు. తర్వాత అదే పనికి జీతం పెరిగింది, గౌరవం పెరిగింది, అప్పుడు అది మగవాళ్ళ పని అయింది. ఆ ఆరుగురికి పేరు రావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

గ్రేస్ హాపర్ గారని అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఆవిడ 1952లో కంపైలర్ తయారుచేశారు. మనం రాసిన మాటల్ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలరే కదా, మీరు ల్యాబులో రోజూ వాడేది. 1969లో చంద్రుడి మీద మనిషి దిగినప్పుడు ఆ వాహనంలో నడిచిన సాఫ్ట్‌వేర్ తయారుచేసిన జట్టుకి మార్గరెట్ హామిల్టన్ గారు పెద్ద. వీళ్ళ గురించి ఇంకా చెప్పొచ్చు గానీ నాకు మనింటి మనిషి గురించి చెప్పాలని ఉంది.

అయ్యలసోమయాజుల లలిత గారి పేరు ఎంతమంది విన్నారు? చెయ్యెత్తండి. ఒక్కరు. మంచిదమ్మా, కూర్చో. ఆవిడ తెలుగింటి ఆడపడుచు, మద్రాసులో పుట్టారు, 1919లో. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు, చేతిలో నెలల పాప. ఆ రోజుల్లో విధవరాలి బతుకు ఎలా ఉండేదో ఇక్కడున్న అమ్మమ్మలకి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళ నాన్నగారు పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. ఆయన కూతుర్ని మూలన కూర్చోబెట్టలేదు, ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి అడిగారు, అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించారు. 1943లో ఆవిడ చదువు పూర్తిచేశారు. మన దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పనిచేశారు, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభకి వెళ్ళారు. ఆవిడ కథలో నన్ను పట్టుకునే విషయం ఇంకోటుంది. అంతమంది మగపిల్లల మధ్య ఆవిడ ఒక్కరే ఉండకూడదని కాలేజీ ఇంకా అమ్మాయిల్ని పిలిచింది, లీలమ్మ జార్జ్, పి.కె. థ్రేసియా అని ఇద్దరు వచ్చి చేరారు. ముగ్గురయ్యారు. క్లాసులో ఒక్కతే ఉన్నప్పుడు నువ్వు తప్పు చేస్తే "అమ్మాయిలంతే" అంటారు. ముగ్గురున్నప్పుడు నీ తప్పు నీదే, ఆడజాతిది కాదు. ఈ తేడా అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

మళ్ళీ లెక్కల్లోకి వద్దాం, తొందరగానే చెప్తాను. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్సు డిగ్రీ తీసుకునేవాళ్ళలో నూటికి 37 మంది అమ్మాయిలు. పాతికేళ్ళు తిరిగేసరికి అది 18కి పడిపోయింది. డాక్టర్లలో, లాయర్లలో ఆడవాళ్ళు పెరుగుతున్న కాలంలో ఇక్కడ మాత్రం సగానికి సగం తగ్గిపోయారు. ఒక తరంలో ఆడపిల్లల మెదడు మారిపోతుందా? మారింది బజారు. అప్పుడే ఇళ్ళల్లోకి చిన్న కంప్యూటర్లు వచ్చాయి, వాటిని మగపిల్లల ఆటవస్తువుల్లా అమ్మారు, తల్లిదండ్రులు తెచ్చి కొడుకు గదిలో పెట్టారు. ఆ కొడుకులు కాలేజీకి వచ్చేసరికి వాళ్ళకి చేతి అలవాటు ఉంది, మొదటి క్లాసు వాళ్ళ వేగంతో నడిచింది. నా మొదటి క్లాసు లాగే. సముద్రాల అవతల ఎవరికో జరిగింది ఇరవై ఏళ్ళ తర్వాత మన పక్క ఊళ్ళో నాకు జరిగిందని తెలిసిన రోజు నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. అప్పటిదాకా లోపం నాదే అనుకున్నాను కదా.

దీన్ని తిరగేసినవాళ్ళు కూడా ఉన్నారు, మాస్టార్లు ఇది కాస్త శ్రద్ధగా వినాలి. కార్నెగీ మెలన్ అని అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయం, కంప్యూటర్ చదువుకి పేరు మోసింది. 1995లో అక్కడ ఆ బ్రాంచిలో చేరేవాళ్ళలో అమ్మాయిలు నూటికి 7. 2000కి 42 అయ్యారు. అయిదేళ్ళలో! జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అని ఇద్దరు అక్కడి విద్యార్థులతో ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడారు, ఎందుకు వచ్చారు, ఎందుకు మానేస్తున్నారు అని. ఆ తర్వాత చేసిన మార్పులు వింటే ఇంతేనా అనిపిస్తుంది. సీటిచ్చేటప్పుడు ముందే ప్రోగ్రామింగ్ వచ్చా అనేదానికి అంత విలువ ఇవ్వడం మానేశారు. మొదటి కోర్సుని అనుభవం బట్టి వేరు వేరు గుంపులుగా నడిపారు, కొత్తవాళ్ళు కొత్తవాళ్ళతో, వచ్చినవాళ్ళు వచ్చినవాళ్ళతో. ముందే నేర్చుకోవడం వేరు, తెలివి వేరు అని వాళ్ళకి అర్థమైంది, ఆ రెంటినీ కలిపేసి చూడడం ఆపేశారు.

మన దేశం సంగతి కొంచెం వేరు. మన కంప్యూటర్ సైన్సు క్లాసుల్లో అమ్మాయిలు అమెరికాలో కన్నా ఎక్కువమందే ఉంటారు, ఐటీ ఉద్యోగుల్లో కూడా మూడోవంతుకు కాస్త పైనే. అలాగని ఊరుకోవడానికి లేదు. ఐఐటీల్లో 2017 దాకా అమ్మాయిలు నూటికి పదిమంది కూడా లేరు, 2018 నుంచి వాళ్ళ కోసం అదనపు సీట్లు పెడితే 2020కి ఇరవైకి చేరారు. చూశారా, ఇక్కడా అంతే, గేటు తెరిస్తే వచ్చారు. ఇక ఉద్యోగాల్లో అయితే చేరేటప్పుడు కనిపించిన అమ్మాయిలు పదేళ్ళు పోయాక కనిపించరు. మెట్లు ఎక్కుతున్నకొద్దీ ఒక్కొక్కరే తగ్గిపోతారు, పై అంతస్తులో వెతుక్కోవాలి.

ఎక్కడికి పోతారో నాకు తెలుసు, నేనూ దాదాపు వెళ్ళిపోయినదాన్నే. మా పాప 2015లో పుట్టింది. అప్పటి చట్టం ప్రకారం ప్రసూతి సెలవు పన్నెండు వారాలు. 2017లో దాన్ని ఇరవై ఆరు వారాలు చేశారు, యాభై మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది, ఇది గుర్తుపెట్టుకోండి, ఉద్యోగంలో చేరినప్పుడు అడగండి, అడగందే అమ్మైనా పెట్టదు. నేను మూడు నెలల పాపని మా అమ్మ చేతుల్లో పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. మా మేనేజరు ఎంతో మంచిగా, "నీకు కష్టం కదమ్మా, కొన్నాళ్ళు డాక్యుమెంటేషన్ చూసుకో" అన్నారు. అప్పటికి ఆ ప్రోడక్టులో నేను రాసిన కోడ్ మీదే మిగతావాళ్ళు పనిచేస్తున్నారు. నన్ను ఎవరూ తిట్టలేదు, అవమానించలేదు, జాలిపడి పక్కన పెట్టారు, అంతే. ఆ ఏడు రేటింగ్ పడిపోయింది, కారణం "టెక్నికల్ కాంట్రిబ్యూషన్ తక్కువ". పైగా టీమ్ మీటింగు రోజూ రాత్రి తొమ్మిదింటికి, అమెరికా వాళ్ళకి పొద్దున కాబట్టి. పాపకి సరిగ్గా అప్పుడే పాలు పట్టాలి. రాజీనామా లెటర్ టైప్ చేసి దాచుకున్నాను.

పంపకపోవడానికి కారణం ఒక అక్క. మా టీమ్‌కి కొత్త లీడ్‌గా వచ్చారు. వచ్చిన రెండో వారంలో మీటింగుని పొద్దున ఏడున్నరకి మార్చారు, అమెరికా వాళ్ళని వాళ్ళ సాయంత్రం మాట్లాడమన్నారు. వాళ్ళు ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఎవరూ వాళ్ళని అడగలేదు! తర్వాత నన్ను పిలిచి, "డాక్యుమెంట్లు అందరం పంచుకుని రాద్దాం, నువ్వు నీ మాడ్యూల్ మళ్ళీ తీసుకో" అన్నారు. ఆవిడ నాకు ధైర్యం చెప్పలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. మీటింగు వేళ మార్చారు, నా పని నాకు ఇచ్చారు. నేను ఇవాళ మీ ముందు నిలబడి ఉండడానికి అదే కారణం.

ఇలాంటి పని చాలా పెద్ద ఎత్తున చేసినావిడ ఒకరుండేవారు, స్టెఫనీ షర్లీ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1939లో, నాజీల నుంచి తప్పించి రైల్లో ఇంగ్లండుకి పంపేసిన వేలాది పిల్లల్లో ఆవిడ ఒకరు. ఆడది, పైగా శరణార్థి. 1962లో తన భోజనాల బల్ల దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. పెళ్ళయి, పిల్లలు పుట్టి ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళని ప్రోగ్రామర్లుగా తీసుకుని ఇళ్ళ నుంచే పనిచేయించారు, పెన్సిలు, కాగితం, టెలిఫోను, అంతే. ఇప్పుడు మనం వర్క్ ఫ్రమ్ హోమ్ అంటున్నామే, అది అప్పుడే. కంపెనీల వాళ్ళకి స్టెఫనీ అని సంతకం పెట్టి ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు, ఆవిడ భర్త సలహా మీద "స్టీవ్" అని సంతకం పెడితే రావడం మొదలైంది. ఫోన్ మాట్లాడేటప్పుడు ఇంట్లో పిల్లల గోల వినపడకుండా టైపు మిషను చప్పుడు రికార్డు చేసి పక్కన పెట్టుకునేవారట. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సుకి ప్రోగ్రామింగ్ చేసింది ఆ కంపెనీ ఆడవాళ్ళే. మొదటి మూడు వందల మంది సిబ్బందిలో మగవాళ్ళు ముగ్గురే. వంటింట్లోకి వెళ్ళిపోయారనుకున్నవాళ్ళకి వాళ్ళ వేళల్లో పని ఇచ్చేసరికి ఆ పని అంత బాగా జరిగింది.

ఇక ఆడవాళ్ళ మాట పక్కన పెట్టి, మిగతా తక్కువమంది సంగతి. ఇది చెప్పకుండా దిగిపోతే తప్పు చేసినదాన్నవుతాను. ఇక్కడ మనం తెలుగువాళ్ళం తక్కువమందిమి, భాషాపరంగా మైనారిటీ అంటే ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఆ తెలిసిన మనసుతోనే వినండి.

తర్వాత నాసాగా మారిన అమెరికా ప్రభుత్వ సంస్థలో డొరతీ వాన్ అని ఒక నల్లజాతి గణిత నిపుణురాలు ఉండేవారు. నల్లజాతి ఆడవాళ్ళని విడిగా కూర్చోబెట్టేవాళ్ళు, భోజనానికి వేరే బల్ల, బాత్‌రూము వేరు. మన ఊళ్ళల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన పెద్దవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. యంత్రాలు వచ్చి తమ ఉద్యోగాలు పోతాయని ముందే గ్రహించి ఆవిడ ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకున్నారు, నేర్చుకుని తనొక్కరే పైకి పోలేదు, తనతో పనిచేసే ఆడవాళ్ళకీ నేర్పారు.

ఇప్పుడంతా మారిపోయిందా? 2013లో ట్రేసీ చౌ అనే ఇంజనీరు "మీ దగ్గర ఆడ ఇంజనీర్లు ఎంతమందో లెక్కలు బయటపెట్టండి" అని కంపెనీల్ని అడిగారు. మరుసటి ఏడు గూగుల్ తన లెక్క చెప్పింది, సాంకేతిక ఉద్యోగాల్లో ఆడవాళ్ళు నూటికి 17, నల్లజాతివాళ్ళు ఒక్కరు. కనీసం లెక్క చెప్పారు, చెప్పారు కాబట్టి నిలదీయగలిగారు. మన ఐటీ కంపెనీలు ఏటా వేసే నివేదికల్లో ఆడవాళ్ళ శాతం రాస్తాయి. దళితులు ఎంతమంది, ఆదివాసీలు ఎంతమంది అనేది నేను చదివిన ఏ నివేదికలోనూ లేదు. ప్రైవేటు ఉద్యోగాలకి రిజర్వేషన్ వర్తించదు కాబట్టి లెక్క చూడాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. కానీ కులం లేదా? నా స్నేహితురాలు ఒకావిడ, కొరాపుట్ వైపు దళిత కుటుంబం. కొత్తగా చేరిన ప్రతి చోటా మొదటి వారంలో ఎవరో ఒకరు ఇంటిపేరు అడుగుతారు, సరిగా తెలియకపోతే ఊరు అడుగుతారు, అదీ చాలకపోతే "మీ ఇంట్లో నాన్‌వెజ్జా?" అని అడుగుతారు. "ఇవి మామూలు ప్రశ్నలే కదా" అని నేనే ఒకసారి ఆమెతో అన్నాను. "నీకు మామూలు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, సిగ్గుపడ్డాను. ఇది మన మనుషులతో పాటు విమానం ఎక్కి వెళ్ళింది కూడా. 2023లో అమెరికాలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలతో నిండిన ఊరది.

రకరకాల మనుషులు సాఫ్ట్‌వేర్ తయారుచేసే గదిలో లేకపోతే నష్టం వాళ్ళకి మాత్రమే కాదు, మనందరికీ. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండదు. ఐఫోన్‌కి ఒక తెలుగు అక్షరం పంపిస్తే మెసేజ్ యాప్ కుప్పకూలిపోయేది, మళ్ళీ తెరుచుకునేది కాదు. జ్ఞా. జ్ఞానం అని రాస్తే మొదట వచ్చే జ్ఞా, ఒక ప్రత్యేకమైన కూర్పులో. కోట్ల మంది రాసే భాష మనది, ఆ అక్షరం ఆ ఫోన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. కొద్ది రోజుల్లో సరిచేశారు. కానీ నేను ఆ రోజంతా ఒకటే ఆలోచించాను, ఆ పరీక్షలు చేసే గదిలో ఇంటికి తెలుగులో ఉత్తరం ముక్క రాసుకునేవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు అని. అదే ఏడు అమెజాన్ వాళ్ళు ఉద్యోగాల దరఖాస్తులు చూడడానికి తయారుచేసుకున్న ప్రోగ్రాము ఆడవాళ్ళ దరఖాస్తుల్ని తొక్కేస్తోందని వార్తల్లోకి వచ్చింది. పాత దరఖాస్తులు చూసి నేర్చుకున్న యంత్రం అది, వాటిలో ఎక్కువ మగవాళ్ళవే, అందుకని మగవాళ్ళే మంచివాళ్ళని నేర్చుకుంది, దాన్ని పక్కన పడేశారు. ముఖాలు చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాముల్ని జాయ్ బువోలంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి ఆడవాళ్ళు పరీక్షిస్తే, తెల్ల మగవాళ్ళ విషయంలో నూటికి ఒక్క తప్పు కూడా లేదు, నల్లటి ఆడవాళ్ళ దగ్గర ఒక ప్రోగ్రాము నూటికి దాదాపు 35 తప్పులు చేసింది. ఆ తేడా కనిపెట్టింది ఎవరో చూడండి, ఎవరి ముఖం ఆ యంత్రానికి తెలియడం లేదో వాళ్ళే.

ఇంకా దగ్గరికి వస్తాను. వాడుక భాష ఉద్యమం నడిపిన గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే మాస్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినం చేసుకుంటాం. ఆ ఉద్యమం కన్నా ముందే ఆయన మొదలుపెట్టిన పని ఇంకోటి ఉంది. చుట్టూ కొండల్లో సవరలు ఉంటే వాళ్ళ మాట ఎవరికీ పట్టలేదు, ఈయన వాళ్ళ భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టారు, 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936లో మాంగేయ్ గొమాంగో గారు సవరకి సొంత లిపి తయారుచేశారు, సొరాంగ్ సొంపెంగ్. ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్‌లో దానికి చోటు ఉంది. కానీ శెరంగో వైపు ఒక సవర పిల్ల తన ఫోన్‌లో తన లిపిలో అమ్మ పేరు రాసుకోవాలంటే ఎవరు కీబోర్డు చెయ్యాలి, ఫాంటు ఎవరు చక్కదిద్దాలి? ఆ పిల్ల కన్నా బాగా ఎవరు చేస్తారు? ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, నాలుగు భాషలు మోసుకుంటూ వచ్చిన పిల్లని "ఇంగ్లీషు సరిగా రాదు" అని ఇంటర్వ్యూలో తీసేస్తున్నాం. నాకిది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఎన్నిసార్లు అనుకున్నా అలాగే అనిపిస్తుంది.

సరే, ఇక్కడ మనం ఏం చెయ్యగలం. పొద్దున మాస్టారు ల్యాబు చూపించారు. ముప్ఫై సిస్టమ్‌లు ఉన్నాయి, అన్నీ పనిచేస్తున్నాయి. ఐదింటికి తాళం వేసేస్తారు. ఆర్. ఉదయగిరి వైపు వెళ్ళే అమ్మాయిలు బస్సు కోసం నాలుగింటికే బయలుదేరతారని చెప్పారు, అంటే వాళ్ళకి ల్యాబు దొరికేదే లేదు. మాస్టారూ, మీతో ముందే మాట్లాడాను కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. ఆదివారాలు తెరుద్దాం, పొద్దున తొమ్మిది నుంచి. తాళం అమ్మాయిలకే ఇవ్వండి, వంతుల వారీగా, అందులో ఒక వంతు కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి. మొదటి మూడు నెలలు పూర్తిగా కొత్తవాళ్ళకి వేరే క్లాసు పెట్టండి. ఇద్దరికి ఒక సిస్టమ్ అయితే ప్రతి పావుగంటకీ కీబోర్డు చేతులు మారాలి, గడియారం చూసి మరీ మార్చండి.

ఆ చివర అమ్మ ఏదో అడుగుతున్నారు, మైకు ఇవ్వండి బాబూ. ఆవిడ అడుగుతున్నది ఏంటంటే, పిల్లని హైదరాబాదు, బెంగుళూరు పంపాలంటే భయం, రాత్రి పనులంటారు, ఎవరు చూస్తారు అని. అమ్మా, మీ భయం తప్పని నేను అనను, మా అమ్మ కూడా నన్ను పంపిన రోజు రాత్రంతా ఏడ్చింది. మీరు భయపడే సంగతుల మీద 2013లో చట్టం వచ్చింది, పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు ఆడమనిషే అయి ఉండాలి. చేరేటప్పుడు ఆ కమిటీలో ఎవరెవరున్నారో అడగమనండి, రాత్రి డ్యూటీ అయితే ఇంటి దాకా క్యాబ్ ఇస్తారో లేదో అడగమనండి. చెప్పలేని చోట చేరొద్దనండి. మన ఊరి నుంచి ముగ్గురు నలుగురు పిల్లలు ఒకే చోట ఉండేట్టు చూడండి, లలిత గారి లాగా. నా ఇంటి తలుపు కూడా తెరిచే ఉంటుంది.

నువ్వు, నీలం చున్నీ, చెప్పమ్మా. గట్టిగా. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, రెండూ ప్రోగ్రామింగే, ఇక మానేసి బీఎడ్ చేద్దామనుకుంటున్నావు. మీ ఊరేది? మోహన పక్కనా. ల్యాబులో ఎన్ని గంటలు కూర్చున్నావు ఈ సెమిస్టర్‌లో, నిజంగా నీ చేతులు కీబోర్డు మీద ఉన్నవి? ... ఐదు గంటలు. విన్నారా మాస్టారూ, సెమిస్టర్ మొత్తానికి ఐదు గంటలట.

బీఎడ్ మంచి చదువేనమ్మా, నీకు ఇష్టమైతే చెయ్యి, టీచర్లు కావాలి. కానీ ఐదు గంటలు చూసి నీకు కోడింగ్ రాదని నువ్వు తేల్చుకోలేవు, నేనూ తేల్చలేను. ఈ ఏడు ఆదివారాలు రా, నూరు గంటలు కూర్చో. ప్రతి రెండో ఆదివారం నేను వీడియో కాల్‌లో ఉంటాను, తెలుగులో అడుగు, ఒడియాలో అడుగు, నీ ఇష్టం. ఆ తర్వాత కూడా నచ్చకపోతే అప్పుడు మానెయ్యి, నేనే మీ నాన్నగారితో మాట్లాడతాను.

మాస్టారు అటెండరుని పంపి తాళం తెప్పించారు. ఇప్పుడు మూడున్నర. ఉదయగిరి బస్సు ఎక్కాల్సినవాళ్ళు ముందు వెళ్ళి కూర్చోండి, ముందు అరగంట మీదే. మిగతావాళ్ళు తర్వాత. తాళం ఇలా ఇవ్వండి మాస్టారూ. అమ్మా, నీలం చున్నీ, ఇదిగో, నువ్వే వెళ్ళి తెరువు.